సమ్మెట నుంచి చీరల కొట్టు దాకా



బండ పగలాలంటే సుత్తి చాలదు, సమ్మెట కావాలి. రెండు చేతులా పిడి బిగించి పట్టుకుని, తల మీదుగా ఎత్తి, నడుం వంచి వెయ్యాలి దెబ్బ. క్వారీలో శానం మీద పడేదీ ఆ దెబ్బే. కొలిమి దగ్గర కమ్మరి పట్టకారుతో ఎర్రటి ఇనుము తీసి దాగలి మీద పెడితే, ఎదురుగా నుంచున్న మనిషి వేసేదీ ఆ దెబ్బే. మనం సమ్మెట అంటే తమిళులు సమ్మట్టి అంటారు, కన్నడిగులు సమ్మటిగె అంటారు. దక్షిణాదిలో ఇన్ని రాష్ట్రాలు దాటినా మాట పెద్దగా మారలేదు, పనిముట్టూ మారలేదు. ఇంగ్లీషులో అలా కాదు. బరువైన సుత్తికి అక్కడ మూడు నాలుగు పేర్లున్నాయి. అందులో ఒకటి ‘మాల్’. ఎం, ఏ, యూ, ఎల్. ఈ పూట నేను చెప్పబోయేది ఆ మాట సంగతే.

మాల్ అనగానే మీకు ఎస్కలేటర్లూ, ఏసీ చల్లదనమూ గుర్తొచ్చి ఉంటాయి. అది ఎం, ఏ, రెండు ఎల్‌లు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. పుట్టుకలో కూడా ఒకటే అంటే నమ్ముతారా? నమ్మక్కర్లేదు, వినండి.

ముందు పనిముట్టు చూద్దాం. అమెరికాలో ఇనుప సామాను అమ్మే కొట్టుకి వెళ్లి మాల్ కావాలని అడిగితే ఇప్పటికీ తీసి ఇస్తారు. తల ఒక పక్క గొడ్డలి వాదర, రెండో పక్క మొద్దు సుత్తి. తల బరువు ఆరు పౌండ్లో, ఎనిమిది పౌండ్లో. మన లెక్కలో మూడు కిలోలకు అటూ ఇటూగా. చలికాలం పొయ్యిలోకి కట్టెలు చీల్చడానికి వాడతారు. మామూలు గొడ్డలి వాదర పల్చన. దుంగలో దిగుతుంది, దిగినచోట ఇరుక్కుంటుంది, ఇక దాన్ని పీక్కోవడమే ఒక పని. మాల్ వాదర మందం. అది కొయ్య పీచును కొయ్యదు, రెండు పక్కలకీ నెట్టి విడదీస్తుంది. రైలు పట్టాల మేకులు దిగ్గొట్టడానికి సన్నటి, పొడుగాటి తల ఉన్న మాల్ వేరే ఉంది. అబ్రహాం లింకన్ కుర్రతనంలో మాల్‌తోనూ ఇనుప చీలలతోనూ దుంగలు చీల్చి పొలాలకు కంచె కర్రలు తయారుచేసినవాడు. 1860 ఎన్నికల్లో ఆయన పార్టీవాళ్లు దాన్నే గొప్పగా చెప్పుకుని ఓట్లడిగారు.

ఈ మాట ఇంగ్లండులో పుట్టింది కాదు. లాటిన్లో సుత్తిని ‘మల్లియుస్’ అనేవారు. అది పాత ఫ్రెంచిలో ‘మాయ్’ అయింది. నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలు వేల సంఖ్యలో ఇంగ్లీషులోకి వచ్చిపడ్డాయి కదా, వాటితో పాటు ఇదీ వచ్చింది. వడ్రంగి వాడే చిన్న కొయ్యసుత్తికి ‘మాలెట్’ అని పేరు. అది దీని పిల్ల. అంతటితో ఆగలేదు. బంగారాన్ని కొడుతూ పోతే రేకు అవుతుంది. ఒక్క గ్రాము బంగారాన్ని దాదాపు ఒక చదరపు మీటరు రేకుగా సాగగొట్టవచ్చు. ఆ గుణాన్ని మన తెలుగు మీడియం పుస్తకాల్లో స్తరణీయత అని చదువుకున్నాం. ఇంగ్లీషులో ‘మాలియబిలిటీ’. అంటే సుత్తి దెబ్బకు లొంగడం. కాలి చీలమండకు ఇటూ అటూ ఉబ్బెత్తుగా తగిలే ఎముకల్ని వైద్యులు ‘మాలియోలస్’ అంటారు. చిన్న సుత్తి అని దాని అర్థం.

ఇప్పుడు నా గొంతు మీకు వినిపిస్తున్నదంటే అందులోనూ ఈ సుత్తి చెయ్యి ఉంది. చెవిలో కర్ణభేరికి ఆనుకుని మూడు బుల్లి ఎముకలున్నాయి. మొదటిదాని పేరు ‘మాలియస్’, సుత్తి. రెండోది ‘ఇంకస్’, దాగలి. మూడోది ‘స్టేపీస్’, గుర్రపు రౌతు కాలు పెట్టుకునే రికాబు. ఈ మూడోది మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక, మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. శబ్దం వచ్చి కర్ణభేరిని కదిపితే సుత్తి కదులుతుంది, సుత్తి దాగలిని కదుపుతుంది, దాగలి రికాబును నెడుతుంది. శరీరాన్ని కోసి చూసిన తొలినాటి వైద్యులు తమ ఊళ్లో కమ్మరి కొట్టును బాగా ఎరిగినవాళ్లే అయి ఉండాలి.

ఈ సుత్తి పేరు మనుషులకూ తగిలించారు. ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డు 1307లో చనిపోయాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన సమాధి మీద ‘స్కాట్లండు వాళ్ల పాలిటి సమ్మెట’ అనే అర్థం వచ్చే లాటిన్ రాత ఉంది. ఆయన పోయిన రెండువందల యాభై ఏళ్లకో ఎప్పుడో, 16వ శతాబ్దంలో రాయించిన మాట అది. స్కాట్లండు నుంచి వెళ్లినవాళ్లు ఇప్పటికీ దాని ముందు నుంచుని మొహం చిట్లిస్తూనే ఉంటారు.

అయితే నాకు ఎడ్వర్డు కథ కన్నా పారిస్ కథ ఇష్టం. 1382 మార్చి. రాజు ఆరో చార్లెస్‌కు అప్పటికి పదమూడేళ్లు. పెత్తనమంతా పినతండ్రులది. సరుకుల మీద ఎత్తేసిన పన్నులు మళ్లీ వెయ్యాలనుకున్నారు. పన్ను వసూలు మనిషి బజారులో ఆకుకూర అమ్ముకునే ఒక ఆడమనిషి దగ్గర చెయ్యి చాపాడని, ఆమె కేకలు పెట్టిందని, అక్కడ మొదలైందని చెబుతారు. క్షణాల మీద జనం పోగయ్యారు. వసూలు మనుషుల్ని చంపేశారు. తిన్నగా నగరసభ భవనం మీద పడ్డారు. ఇంగ్లీషు సైన్యం దండెత్తితే పనికొస్తాయని అక్కడ సీసపు తలలున్న సమ్మెటలు దాచి ఉంచారు. అవి తలా ఒకటి అందుకుని ఊరి మీదికి వెళ్లారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ల పేరు ‘మాయొతాన్లు’, అంటే సమ్మెటలవాళ్లు. శత్రువు కోసం దాచిన ఆయుధం పన్ను కట్టలేని జనం చేతిలోకి పోయింది. మరుసటి ఏడు రాజు సైన్యంతో తిరిగొచ్చి అందరినీ అణిచేశాడు, పన్నులు యథాప్రకారం వసూలయ్యాయి. పేరు మాత్రం మిగిలింది.

సమ్మెటతో కొట్టడాన్ని కూడా ఇంగ్లీషులో మాల్ అనే అన్నారు. తరవాత తరవాత సుత్తి జారిపోయి కొట్టడం మిగిలింది. చితకబాదినా మాలే, మోటుగా చేతులు వేసినా మాలే. రగ్బీ ఆటలో బంతి పట్టుకున్న ఆటగాణ్ణి రెండు జట్లవాళ్లూ చుట్టుముట్టి నుంచునే తోపులాటకూ అదే పేరు. ఇప్పుడు ఈ క్రియ ఎక్కువగా కనబడేది అడవి జంతువుల వార్తల్లో. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి ఎవరి మీదైనా పడి రక్కితే, ఇంగ్లీషు పత్రిక వాడేది ఈ మాటే. రాసే విలేకరికి సుత్తి తలపుకు రాదు, చదివే మనకూ రాదు.

బరువైన సుత్తికి ఇంగ్లీషులో ఇంకో పేరుంది, ‘స్లెడ్జ్ హేమర్’. స్లెడ్జ్ అన్నా సమ్మెటే. పాత ఇంగ్లీషులో ‘కొట్టు’ అనే క్రియ నుంచి వచ్చింది. మంచు మీద కుక్కలు లాగే స్లెడ్జ్ బండికీ దీనికీ చుట్టరికం లేదు, అది డచ్చి మాట. స్లెడ్జ్ అంటే సమ్మెట అని జనం మరిచిపోయాక పక్కన హేమర్ తగిలించారు. మనం నడిసెంటరు అంటామే, అదే వరస. క్రికెట్టులో ఎదుటివాణ్ణి నోటితో రెచ్చగొట్టడాన్ని స్లెడ్జింగ్ అంటారు కదా. అదీ సమ్మెట నుంచి వచ్చిందేనని, 1960ల్లో అడిలైడ్‌లో మొదలైందని ఆస్ట్రేలియా కెప్టెన్ ఇయాన్ చాపెల్ చెప్పాడు. ఆడవాళ్ల ముందు నోరు జారిన ఆటగాణ్ణి ‘సమ్మెటంత సుకుమారం’ అని తోటివాళ్లు ఎగతాళి చేశారట.

చూడండి, వాళ్ల సమ్మెట తిట్టు అయింది. మన సుత్తి విసుగు అయింది. వదలకుండా మాట్లాడి బుర్ర తినేవాణ్ణి ‘సుత్తి కొడుతున్నాడు’ అంటాం. 1982లో జంధ్యాల తీసిన నాలుగు స్తంభాలాట ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. అందులో నటించిన వీరభద్రరావుగారికీ, వేలుగారికీ అది ఇంటిపేరై కూచుంది. వీరభద్రరావుగారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసినవారు. రేడియోలో మాట్లాడేవాళ్లు ఆ బిరుదుకు దూరంగా ఉండాలి కాబట్టి అసలు కథలోకి వచ్చేస్తాను.

ఇటలీవాళ్లు ఒక ఆట కనిపెట్టారు. ‘పల్లా’ అంటే బంతి, ‘మాల్యో’ అంటే సమ్మెట. రెండూ కలిపి ఆట పేరు ‘పల్లామాల్యో’. చదునుగా, పొడుగ్గా ఒక బాట. గట్టి కొయ్యతో చేసిన బంతి. పొడుగాటి పిడి ఉన్న కొయ్యసుత్తితో బంతిని కొట్టుకుంటూ పోయి, బాట చివర వేలాడే ఇనుప వలయంలోంచి దాటించాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో దాటిస్తే వాళ్లు గెలిచినట్టు. యూరప్ దొరలకు ఈ ఆట పిచ్చిగా పట్టుకుంది. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ నగరంలో 1636లో విశ్వవిద్యాలయం వచ్చింది, ఆ మరుసటి ఏడే నగరంవాళ్లు ఈ ఆటకు బాట వేశారు. జర్మనీలో ఇప్పుడు హాంబర్గులో కలిసిపోయిన ఆల్టోనా ఊళ్లోనూ దాదాపు అప్పుడే వేశారు. ఆట పోయింది, ఆ బాటలు రెండూ వీధులై ఈనాటికీ ఆట పేర్లతోనే ఉన్నాయి. పారిస్‌లోనూ ‘మాయ్ వీధి’ ఉంది.

లండన్‌లో దీన్ని పాల్ మాల్ అన్నారు. పలకడం మాత్రం పెల్ మెల్ అని. దీన్ని విని, తొక్కిసలాటకు వాడే పెల్‌మెల్ అనే ఇంగ్లీషు మాటతో కలిపేసేవాళ్లున్నారు. అది వేరు, కలగాపులగం అనే అర్థంలో ఫ్రెంచి నుంచి వచ్చింది. రెండో చార్లెస్ 1660లో ప్రవాసం నుంచి తిరిగొచ్చి గద్దెనెక్కాడు. అప్పటికే ఉన్న పాత ఆటబాట కాకుండా సెయింట్ జేమ్స్ పార్కులో కొత్త బాట వేయించాడు. పాత బాట ఉన్నచోట బండ్లు తిరిగే వీధి వచ్చింది. కొత్తరాణి కేథరిన్ పేరు ఆ వీధికి అధికారికంగా పెట్టారు. పోర్చుగీసు రాకుమార్తె ఆవిడ, బొంబాయిని కట్నంగా తెచ్చినావిడ. కట్నం ఎంత తెస్తే ఏం, జనం నోట ఆవిడ పేరు నిలవలేదు. పాల్ మాల్ అన్నారు, ఇప్పటికీ అదే అంటున్నారు. వీధులకు ప్రభుత్వం పెట్టే పేర్ల గతి ఎక్కడైనా అంతే.

నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగం చేసిన సామ్యూల్ పీప్స్ అనే ఆయన డైరీ వల్ల మనకు ఈ కొత్త బాట సంగతులు తెలుస్తున్నాయి. రాజుగారి తమ్ముడు యార్క్ డ్యూక్ ఆడుతుండగా 1661 ఏప్రిల్లో ఈ ఆటను ఆయన మొదటిసారి చూశాడు. రెండేళ్ల తరవాత, 1663 మేలో, అదే పార్కులో నడుస్తూ బాట ఊడుస్తున్న మనిషితో మాటల్లో పడ్డాడు. ఆ ఊడ్చే మనిషి విడమరిచి చెప్పాడు: నేల ఏ మట్టి కలిపి చేస్తారో, దాని మీద సముద్రపు గుల్లల్ని పొడి చేసి ఎలా పరుస్తారో, అది నేలను ఎలా బిగించి ఉంచుతుందో, ఎండలు ముదిరితే ఆ పొడి దుమ్మయిపోయి బంతి ఎలా సాగకుండా చచ్చుబడుతుందో. రాజు గెలిచాడా, తమ్ముడు గెలిచాడా అన్నది ఎవరికీ గుర్తు లేదు. మూడున్నర శతాబ్దాల తరవాత ఆ నేల తయారీ మాత్రం మనకు తెలుసు. పేరు రాయని ఆ పనివాడి పుణ్యం.

తరవాత ఆట మీద మోజు తగ్గింది. బాట మిగిలింది. రెండు పక్కలా చెట్లు, చక్కగా ఊడ్చిన నేల, బండ్ల రొద లేదు. దొరలూ దొరసానులూ కొత్త బట్టలు కట్టుకుని సాయంత్రాలు అక్కడ షికారు మొదలుపెట్టారు. వాళ్లు ఆ చోటును ‘ది మాల్’ అన్నారు. ఇప్పుడది బకింగ్‌హామ్ ప్యాలెస్ నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ దిక్కుగా వెళ్లే ఎర్రని రాజవీధి. టీవీలో రాజుల పెళ్లిళ్లు చూసినవాళ్లందరూ దాన్ని చూసే ఉంటారు. సుత్తి పేరు ఆటకు, ఆట పేరు బాటకు, బాట పేరు షికారుకు. ఎవరూ కూచుని కొత్త అర్థం పెట్టలేదు. మనుషులు నుంచున్న నేలను వదలకుండా చేసే పని మార్చుకున్నారు, మాట ఆ నేలనే అంటిపెట్టుకుని ఉండిపోయింది.

అక్కణ్ణుంచి, చెట్ల నీడన నడిచే బాట ఎక్కడుంటే అది మాల్. వాషింగ్టన్ నగరానికి 1791లో లాంఫాన్ అనే ఆయన గీసిన నమూనాలో ఒక విశాలమైన బాట ఉంది, దాన్ని ఇవాళ నేషనల్ మాల్ అంటారు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించింది దాని పడమటి కొసనే. మన దేశానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు కొండల మీద ఊళ్లు కట్టుకుని, చాలా ఊళ్లలో ఒక మాల్ రోడ్డు వేసుకున్నారు. సిమ్లాలో ఉంది, ముస్సోరీలో ఉంది, నైనితాల్‌లో ఉంది, డార్జిలింగ్‌లో ఉంది. కొత్తగా పెళ్లయి అక్కడికి వెళ్లే మనవాళ్లు మాల్ రోడ్డు అంటే షాపులుండే రోడ్డు అనుకుంటారు. అప్పట్లో అది దొరలు గాలి పీల్చుకునే రోడ్డు. కొట్లు ఆ గాలి వెంట వచ్చినవి.

ఇక చివరి మెట్టు. విక్టర్ గ్రూన్ అనే ఆయన వియన్నాలో పుట్టిన యూదు వాస్తుశిల్పి. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నప్పుడు పారిపోయి అమెరికా చేరాడు. అక్కడి శివారు కాలనీలు చూసి ఆయనకు దిగులేసింది. ఎక్కడికి వెళ్లాలన్నా కారు. నడిచే వీధి లేదు, కాఫీ తాగుతూ నలుగురూ కూచునే చోటు లేదు. వియన్నాలో ఉన్నట్టు జనం కాలినడకన తిరిగే ఊరి నడిబొడ్డును పైకప్పు కింద కట్టాలనుకున్నాడు. మిన్నెసోటా రాష్ట్రంలో ఈడైనా అనే చోట 1956 అక్టోబర్లో సౌత్‌డేల్ తెరిచారు. అమెరికాలో నాలుగు వైపులా మూసి, లోపలి వేడీ చలీ తామే అదుపు చేసిన మొదటి పెద్ద బజారు అదే. బయట మిన్నెసోటా మంచు, లోపల ఎప్పుడూ వసంతం. నడిమధ్య తోట, నిలువెత్తుకు మించిన పక్షుల పంజరం, చుట్టూ అంగళ్లు. అంగళ్ల మధ్య నడిచే దారిని మాల్ అన్నారు, లండన్ షికారు బాట లెక్కనే. కొద్ది ఏళ్లలో దారి పేరు భవనం మొత్తానికి వచ్చేసింది.

గ్రూన్ అనుకున్నది వేరు. చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రి, మధ్యలో ఈ బజారు ఉంటుందనుకున్నాడు. కట్టినవాళ్లు బజారు ఉంచి మిగతావి వదిలేశారు, చుట్టూ కార్లు నిలిపే స్థలం పరిచారు. విసిగిపోయి 1968లో ఆయన వియన్నా వెళ్లిపోయాడు. అక్కడా ఊరి పక్కనే పెద్ద షాపింగ్ మాల్ వస్తున్నదని తెలిసింది. ఇవి నా పిల్లలు కావని చివరిదాకా అంటూనే 1980లో పోయాడు. ఆయన బాధలో న్యాయం ఉంది. అయితే ఒక మాట: మిన్నెసోటా చలిలో నడవడానికి చోటు కావాలన్న ముసలివాళ్లకు ఆ మాల్ నిజంగానే చోటిచ్చింది. మండుటెండల్లో రెండు గంటలు చల్లగా కూచోవడానికి మన పిల్లలు వెళ్లేదీ అందుకే. ఏమీ కొనకుండా తిరిగొచ్చేవాళ్లను చూసి యజమానులు నొచ్చుకుంటారేమో కానీ, పాత లండన్ లెక్కలో మాల్‌ను సరిగ్గా వాడుకునేది వాళ్లే.

మన తెలుగు ఊళ్లకు వచ్చేసరికి ఈ మాట ఇంకో మలుపు తిరిగింది. ఒంగోలులోనైనా వరంగల్లులోనైనా ‘షాపింగ్ మాల్’ అని బోర్డు కనిపిస్తే అది చాలాసార్లు ఒకే యజమాని బట్టల దుకాణం. నాలుగంతస్తులు, కింద చీరలు, పైన మగవాళ్ల బట్టలు, ఆ పైన పిల్లలవి, పెళ్లి పట్టుచీరలకు వేరే అంతస్తు. ప్రారంభానికి సినిమా తార వస్తుంది. షికారూ లేదు, చెట్టూ లేదు, పలురకాల కొట్లూ లేవు. చాపలాంటి తెల్లటి పరుపు మీద కూచుని చీరలు విప్పించుకోవడం మాత్రం ఉంది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఈ అర్థం దొరకదు. దొరక్కపోతే పోయింది, అమ్మకాలు ఆగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పి ముగిస్తాను. సరుకును మనం ‘మాలు’ అంటాం, గూడ్సు రైలును ‘మాల్‌గాడీ’ అనేవాళ్లున్నారు. మాలు అమ్మేది కాబట్టి మాల్ అయిందని నాతో వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ మాలు అరబ్బీ మాట, ఆస్తి అని అర్థం. ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. రెండింటికీ పేరులో పోలికే తప్ప పుట్టుకలో సంబంధం లేదు. బట్టల మాల్ సుత్తి వంశంది. ఇంత వంశావళి విన్నాక ఎవరికైనా నిజంగా సమ్మెటే కావాలనిపిస్తే మాత్రం మాల్‌కు వెళ్లి లాభం లేదు, సికింద్రాబాదు రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్లకే వెళ్లాలి.